తగాదాల రిజిస్టరు

మహారాష్ట్ర పల్లెల్లో పన్నుల పుస్తకం, జనన మరణాల పుస్తకం పక్కన ఇంకో వహీ ఉండాలని 2007లో ఒక నియమం వచ్చింది. ఊళ్లో ఎవరికి ఎవరితో పడదు, దేని దగ్గర చెడింది, ఎన్నాళ్ల నుంచి నడుస్తోంది, ఇప్పుడది అరుగుల మీదే నలుగుతోందా, ఠాణా మెట్లెక్కిందా, కోర్టులో వాయిదాలు పడుతోందా, అన్నీ అందులో ఎక్కించాలి. ఎక్కించేది పోలీసు కాదు, ఊరే. పల్లెల్లో తగాదాలు అందరికీ తెలిసినవే, కాని రాతలో ఉండవు. రాతలో ఉన్నవి ఠాణాలో ఉంటాయి, అక్కడికి వెళ్లి ఊరు చదువుకోలేదు. ఈ రెండింటికీ నడుమ ఒక పుస్తకం పెట్టి, దాని చుట్టూ పదిమందిని కూర్చోబెట్టిన పనితనం చాలా నేర్పుగలది. దానికి రావలసినంత పేరు మన వైపు రాలేదు.

దాని పూర్తి పేరు మహాత్మా గాంధీ తంటాముక్త గావ్ మోహీమ్. ఊరిని తగాదాల నుంచి విడిపించే ఉద్యమం అన్నమాట. 2007 ఆగస్టు 15న మొదలైంది. తెచ్చినవాడు అప్పటి హోంమంత్రి ఆర్.ఆర్. పాటిల్. సాంగ్లీ జిల్లా అంజనీ గ్రామం నుంచి వచ్చిన మనిషి. అంతకు ముందు గ్రామీణాభివృద్ధి మంత్రిగా ఉన్నప్పుడు సంత్ గాడ్గే బాబా పేరు మీద ఊళ్ల శుభ్రతకు పోటీ పెట్టి, పల్లెలే చీపుర్లు పట్టేలా చేశాడు. హోంశాఖకు వచ్చాక అదే ఎత్తుగడను పోలీసు పనికి తిప్పాడు. తర్వాత గడ్చిరోలీ జిల్లాకు ఇన్‌ఛార్జి మంత్రిగానూ ఉన్నాడు. ముంబై మంత్రులు శిక్షగా భావించే ఆ బాధ్యత ఆయన వదులుకోలేదు. 2015 ఫిబ్రవరిలో పోయాడు.

గడ్చిరోలీ అన్నాను కాబట్టి కమలాపూర్ సంగతి చెప్పాలి. అహేరీ తాలూకాలో, సిరోంచ అటవీ డివిజన్‌లో ఉన్న ఈ ఊరు ఇప్పుడు ఏనుగుల వల్ల తెలుసు. మహారాష్ట్ర ప్రభుత్వానికి ఉన్న ఒకే ఒక్క ఏనుగుల శిబిరం ఇక్కడిదే. ఏటా చలికాలంలో ఆ ఏనుగులకు పది రోజుల సెలవిచ్చి, వనమూలికలు కాచిన మందుతో పాదాలకు కాపడం పెడతారు. (మనుషుల్లో ఆ భాగ్యం ఎందరికి దక్కుతుందో!) 2022లో వాటిని గుజరాత్‌లోని జామ్‌నగర్‌కు తరలిస్తారన్న మాట రాగానే ఊళ్లు లేచి నిలబడి కుదరదన్నాయి. ఏనుగుల కన్నా ముందు ఈ ఊరిపేరు పోలీసు కాగితాల్లోకి ఎక్కింది ఇంకో కారణంతో. 1984 ఫిబ్రవరిలో పీపుల్స్‌వార్ అండతో ఆదివాసీ రైతు సంఘం ఇక్కడ మహాసభ తలపెట్టింది. పోలీసులు చుట్టుముట్టి జరగనివ్వలేదు. ఆంధ్ర నుంచీ బొంబాయి నుంచీ వస్తున్నవాళ్లను పట్టుకున్నారు. తెలుగు, మాడియా, మరాఠీ మూడూ ఒకే సంతలో వినబడే ఈ నేల మీద పోలీసుతో కలిసి కూర్చోవడమంటే ఏమిటో తెలియాలంటే ఆ సంవత్సరం గుర్తుండాలి. పుణె పక్కన తంటాముక్తి కమిటీ సభ్యుడవడం ఒక ముచ్చట. ఇక్కడ అది ధైర్యం.

ముందుగా ఆ కమిటీలో ఇరుసు లాంటి మనిషిని చూద్దాం. పోలీసు పాటిల్.

ప్రాణహితకు ఇవతల, తెలంగాణ ఒడ్డున, పోలీసు పటేల్ అంటే పెద్దవాళ్లకు ఇంకా యాదిలో ఉన్నదే. మాలీ పటేల్ శిస్తు చూసేవాడు, పోలీసు పటేల్ నేరాలు చూసేవాడు, పట్వారీ రాత చూసేవాడు. తండ్రి నుంచి కొడుక్కు వచ్చే కొలువులు. ఊరి మీద వాళ్ల పెత్తనం ఎలాంటిదో సాయుధ పోరాట జ్ఞాపకాల్లో కావలసినంత ఉంది. 1984 జనవరి 6న ఎన్టీఆర్ ప్రభుత్వం ఒక్క ఆర్డినెన్సుతో ఆ కొలువులన్నీ తీసిపారేసింది. జనం పండగ చేసుకున్నారు. అది న్యాయమే. అయితే ఆ రోజు నుంచి మన పల్లెకూ ఠాణాకూ మధ్య చట్టం గుర్తించిన మనిషి లేకుండా పోయాడు. ఆ ఖాళీలోకి ఎవరు పడితే వాళ్లు వచ్చారు. పార్టీ కార్యకర్త, కాంట్రాక్టరు, ఎస్సైకి తెలిసిన పెద్దమనిషి.

మహారాష్ట్ర మరో దారి పట్టింది. 1962లో రెవెన్యూ పాటిల్ పదవులను రద్దు చేసి, 1967లో గ్రామ పోలీసు చట్టం చేసింది. పాత పదవిని పూర్తిగా పారేయకుండా దానిలోంచి వారసత్వాన్ని తీసేసింది. పోలీసు పాటిల్ ఆ ఊరివాడై ఉండాలి. వయసుకు, చదువుకు నియమాలున్నాయి. ఇప్పుడు ఆడవాళ్లూ ఆ పదవిలో ఉన్నారు. అన్నిటికన్నా నాకు నచ్చిన నగిషీ ఇది: అతన్ని నియమించేది జిల్లా ఎస్పీ కాదు, రెవెన్యూ వైపు నుంచి ప్రాంత్ అధికారి. సమాచారం ఇవ్వాల్సింది ఠాణాకు, ఉద్యోగం ఇచ్చింది రెవెన్యూ, బతకాల్సింది ఊళ్లో. జీతం కాదు, గౌరవ వేతనం. ఒక్క యజమానికే పూర్తిగా లొంగిపోకుండా ఉండేటట్టు అతని కుర్చీ కింద మూడు కాళ్లు పెట్టారు. అతను ఏదో ఒక పక్కకు ఒరిగిన ఊళ్లు లేవని కాదు. కట్టడమైతే సరైనదే.

2007లో కమిటీ కట్టినవాళ్లు ఈ మనిషినే తీసుకున్నారు గాని అతన్ని అధ్యక్షుణ్ణి చేయలేదు. అందరినీ పిలిచే పని, కాగితాలు కట్టే పని మాత్రమే అప్పజెప్పారు. అధ్యక్షుణ్ణి గ్రామసభ ఎన్నుకుంటుంది. ఆ మనిషి టీచరు కావచ్చు, రైతు కావచ్చు, రిటైరైన ఫారెస్టు గార్డు కావచ్చు. ఠాణాలో కేసులున్నవాళ్లకూ, నాటుసారా, మట్కా వంటి దందాలు నడిపేవాళ్లకూ కమిటీలో చోటు ఉండకూడదు. సర్పంచ్ ఉంటాడు, తలాఠీ ఉంటాడు, గ్రామసేవక్ ఉంటాడు, మహిళా బచత్‌గట్‌ల (పొదుపు సంఘాల) తరఫున ఆడవాళ్లుంటారు, చిన్న కులాల వాళ్లుంటారు. వాళ్ల మధ్యన ఠాణా నుంచి బీట్ హవల్దార్ ఉంటాడు. చాప మీద అతనిదీ ఒక చోటే. అధ్యక్షుడి కుర్చీ అతనిది కాదు.

ఇందులో ఎవరి తాడు వాళ్లే లాగితే కమిటీ నిలవదు. ఎదురెదురు తాళ్లు ఒకదాన్నొకటి లాగి పట్టుకోవడం వల్లనే నులక మంచం మనిషి బరువు మోస్తుంది. ఇక్కడ సర్పంచ్ ఎన్నికైనవాడు, తలాఠీ భూమి రికార్డు ఉన్నవాడు, హవల్దార్ చట్టం చేతిలో ఉన్నవాడు, పోలీసు పాటిల్ ఊరి నాడి తెలిసినవాడు, అధ్యక్షుడు ఊరి మాట దక్కించుకున్నవాడు. ఏ ఒక్కరూ తనంతట తాను తీర్పు చెప్పలేని ఏర్పాటు. పాత పెద్దమనుషుల పంచాయితీకీ దీనికీ ఇక్కడే తేడా. అక్కడ కులపెద్ద జుర్మానా వేస్తే, తాగించమంటే, వెలివేస్తే, అడిగేవాడు లేడు. తంటాముక్తి కమిటీకి జుర్మానా వేసే అధికారం లేదు. తీర్పు చెప్పే అధికారమూ లేదు. ఇరుపక్షాలను కూర్చోబెట్టి, ఒప్పించి, వాళ్ల సంతకాలు తీసుకోవడమే దాని పని. చేతిలో కర్ర లేకపోతే మాట మెత్తగా రావాల్సిందే మరి.

తగాదాలను నాలుగు రకాలుగా విడదీయమంటుంది ప్రభుత్వ ఉత్తర్వు: దివానీ, మహసూలు, ఫౌజ్‌దారీ, మిగతావి. గుమాస్తా పని లాగే కనబడుతుంది గాని, పల్లెలో తగువు ఎప్పుడూ ఒక రకంగా ఉండదు. అన్నదమ్ముల పంపకం దివానీ. ఆ పంపకంలో పహాణీ మీద పేరు మారకపోవడం మహసూలు. ఆ కోపంలో గెట్టు మీద ఒకడి చెయ్యి విరగడం ఫౌజ్‌దారీ. ఠాణాకు వచ్చేది చివరిది మాత్రమే. హవల్దార్ దాన్నొక్కదాన్నే చూసి కేసు కడతాడు. చెయ్యి అతుక్కుంటుంది, గెట్టు అలాగే ఉంటుంది, మళ్లీ వానాకాలం వస్తుంది. వహీలో మూడింటినీ వేరువేరు వరుసల్లో రాసి పక్కపక్కన చూస్తే మొదటి ముడి ఎక్కడుందో కమిటీకి తెలుస్తుంది, తలాఠీ అక్కడే కూర్చుని ఉంటాడు కూడా. తలాఠీనీ హవల్దార్‌నూ ఒకే చాప మీదికి తెచ్చిన ఆలోచన ఎవరిదో గాని, వాడు పల్లె తగువు చూసినవాడు.

దీని కన్నా విలువైన పని హద్దు గీయడంలో జరిగింది. ఫౌజ్‌దారీ అన్నంత మాత్రాన ప్రతి కేసునూ కమిటీ ముట్టుకోకూడదు. చట్టం రాజీకి ఒప్పుకున్న నేరాలే ముట్టుకోవాలి. ఆ జాబితా పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 320వ సెక్షనులో ఉండేది. 2024 జులై నుంచి అమల్లో ఉన్న కొత్త నాగరిక్ సురక్షా సంహితలో అది 359వ సెక్షను. చిన్న దెబ్బలు, ఒకరి స్థలంలోకి ఒకరు చొరబడటం, కావాలని రెచ్చగొట్టేలా తిట్టడం వంటివి అందులో ఉంటాయి. హత్య, అత్యాచారం ఉండవు. ఆ కేసుల్లో ఊరు ఎంత ఏకమై సంతకాలు పెట్టినా ఆ కాగితానికి విలువ లేదు. కేసు అప్పటికే కోర్టులో ఉంటే కమిటీ రాజీపత్రం చాలదు. ఇరుపక్షాలూ కోర్టుకే వెళ్లి, చాలాసార్లు లోక్ అదాలత్ రోజున, అక్కడ చెప్పి కొట్టివేయించుకోవాలి. ఊరి కమిటీకి కోర్టు తాళంచెవి ఇవ్వలేదన్నమాట. తలుపు దాకా నడిపించే బాధ్యత ఇచ్చారు. ఒక పనిముట్టు ఎక్కడ ఆగాలో దాని తయారీలోనే ఉండటం మంచి పనివాడి గుర్తు.

ఒక గెట్టు తగువునే తీసుకుందాం. ఇద్దరు రైతుల నడుమ రెండు సాళ్ల మేర గొడవ. నిరుడు కొట్టుకున్నారు, ఠాణాలో కేసుంది. ఆగస్టు 15 గ్రామసభలో కమిటీ ఏర్పడగానే పోలీసు పాటిల్ ఠాణాకు వెళ్లి ఊరి మీదున్న కేసుల జాబితా తెచ్చుకుంటాడు. తహసీలు నుంచి భూమి తగువులు వస్తాయి. కోర్టు నుంచి పెండింగ్ కేసులు వస్తాయి. ఊళ్లో ఇంకా కాగితమెక్కనివి కమిటీ తనే అడిగి రాస్తుంది. తర్వాత పిలుపు. మొదటి రోజు ఇద్దరూ రారు. రెండోసారి ఒకడు వస్తాడు, రెండోవాడి బావమరిది వస్తాడు. మూడోసారి ఇద్దరూ వచ్చి తాతల కాలం దాకా వెళతారు. అక్కడ తలాఠీ నక్షా తీస్తాడు. కొలత పెట్టిద్దామంటాడు. కొలత తేలాక దెబ్బల కేసు సంగతి హవల్దార్ చెబుతాడు: రాజీ కుదిరేదే, ఫలానా తేదీకి కోర్టుకు రండి. అధ్యక్షుడు ఆ సమయమంతా ఇద్దరి మొహాలూ కాపాడే పనిలో ఉంటాడు. ఎవరూ ఓడినట్టు లేకుండా మాట కట్టడం అతని విద్య. ఆ విద్య ఏ ఉత్తర్వులోనూ రాయలేరు. రాయలేనిదానికి చోటు వదిలారు కాబట్టే ఉత్తర్వు పనిచేసింది. చివరికి రాజీపత్రం మీద ఇద్దరి సంతకాలు, సాక్షుల సంతకాలు. వహీలో ఆ వరుస మూసేస్తారు.

తగువు పుట్టకముందే ఆపేవి ఇంకో ఖాతా. ఒక ఊరు, ఒకే గణపతి అన్న పద్ధతి అందులోదే. రెండు వాడలు రెండు మండపాలు వేసి, నిమజ్జనం నాడు రెండు ఊరేగింపులు ఒకే సందులో ఎదురుపడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ఒకే విగ్రహమైతే చందా గొడవ, డప్పు గొడవ, దారి గొడవ మొదట్లోనే తగ్గిపోతాయి. ఊరి జాతరకు, ఎన్నికలకు ముందు కూర్చుని మాట్లాడుకోవడం కూడా ఈ లెక్కలోకే వస్తుంది.

లెక్క అన్నాను. మొత్తం 200 మార్కులు. ఊరు తగాదాలు లేనిదిగా నిలవాలంటే కనీసం 150 రావాలి. మార్కులు వేసేది మొదట జిల్లా లోపలి బృందం, ఆ తర్వాత వేరే జిల్లా నుంచి వచ్చిన బృందం. సొంత జిల్లా ఎస్పీ తన ఊళ్లకు తానే దండ వేసుకోకుండా ఈ రెండో పరీక్ష. నెగ్గిన ఊరికి జనాభాను బట్టి లక్ష రూపాయల నుంచి బహుమతి. ఈ ఉద్యమం గురించి బాగా రాసిన పత్రికా విలేకరులకూ వేరుగా బహుమతులు పెట్టారు. (ఆ ఒక్కటీ నాకు నచ్చలేదు. మెచ్చుకోవడానికి ప్రభుత్వం డబ్బిస్తే మెప్పు పలచబడుతుంది.)

ఇంతకీ ఈ వ్యవస్థ గడ్చిరోలీలో ఎందుకు వేరే రంగు తొడుక్కుందంటే, ఇక్కడ ఊరి తగువు తీర్చడానికి అప్పటికే ఇంకో చెయ్యి ఉంది. 1980లో నక్సలైటు దళాలు గోదావరి దాటి ఈ అడవుల్లోకి వచ్చాయి. ఆ నవంబరులోనే సిరోంచ తాలూకా మొయాబిన్‌పేట దగ్గర ఆ దళాల్లోని పెద్ది శంకర్ పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. తర్వాతి మూడు దశాబ్దాలు తునికాకు కూలి దగ్గర నుంచి మొగుడూ పెళ్లాల గొడవ దాకా ప్రజాకోర్టుకు వెళ్లిన ఊళ్లున్నాయి. అక్కడ తీర్పు వెంటనే వచ్చేది. దానికి భయమూ ఉండేది, చాలామందికి మొదట్లో నమ్మకమూ ఉండేది. దానికి అప్పీలు మాత్రం లేదు. ఇన్ఫార్మర్ అన్న ఒక్క మాటతో ప్రాణాలు పోయాయి. పోలీసు పాటిళ్లను చంపిన ఉదంతాలు ఈ జిల్లాలో చాలా ఉన్నాయి. మరోవైపు 1990లో పోలీసులు కట్టిన సీ-60 దళాలు, గాలింపులు, ఊళ్ల మీద అనుమానం. అటువైపు వెళితే ఇటువైపు పగ, ఇటువైపు వెళితే అటువైపు పగ.

ఆ రోజుల్లోనే, 2003 నుంచి, గ్రామబందీ అనే పథకం కూడా నడిచింది. నక్సలైట్లను ఊళ్లోకి రానివ్వబోమని గ్రామసభ తీర్మానం చేస్తే ప్రభుత్వం అభివృద్ధికి డబ్బిచ్చేది. బయటి నుంచి చూస్తే ఇదీ, తంటాముక్తీ ఒకటే. ఊరు కూర్చుంటుంది, కాగితం రాస్తుంది, పోలీసుకు ఇస్తుంది. నా లెక్కలో రెండూ ఒకటి కావు. గ్రామబందీలో ఊరు సంతకం పెట్టింది సర్కారు తగాదా మీద. ఆ సంతకం రాత్రికి ఊరి మెడకు చుట్టుకునేది. తంటాముక్తి వహీలో ఊరు సంతకం పెట్టేది తన తగాదా మీద, తన గెట్టు మీద, తన గణపతి మీద. అందులో ఎవరి కదలికల సమాచారమూ అడగరు. ఒక పోలీసు పథకం తుపాకీ ఊసెత్తకుండా ఉండగలగడమే ఈ నేల మీద దాని బలం. ఇప్పుడు కాలం మారింది. పెద్దపల్లికి చెందిన మావోయిస్టు నాయకుడు మల్లోజుల వేణుగోపాలరావు 2025 అక్టోబరులో తన సహచరులతో గడ్చిరోలీలోనే ఆయుధాలు అప్పగించాడు. రేపనపల్లి, జిమలగట్ట వంటి ఉప-ఠాణాల దగ్గర ఇప్పుడు దాదాలోరా ఖిడ్కీ పేరుతో కులపత్రాలు, పథకాల దరఖాస్తులు నడుస్తున్నాయి. ఠాణా కిటికీలోంచి సర్టిఫికెట్లు ఇవ్వడం మంచిదే. కాని ఆ కిటికీకి ఇవతల ఊరు చెయ్యి చాచి నిలబడుతుంది, తంటాముక్తి చాప మీద ఊరు కూర్చుంటుంది. నాకు రెండోదే ఎక్కువ ఇష్టం.

పోలీసుకు సలహా ఇచ్చే పౌరుల కమిటీలు లోకంలో చాలా ఉన్నాయి. 1981లో లండన్ బ్రిక్స్‌టన్‌లో అల్లర్లు జరిగాక లార్డ్ స్కార్మన్ నివేదిక ఇచ్చాడు. 1984 చట్టంతో అక్కడ పోలీసులు స్థానికుల అభిప్రాయం తీసుకోవడం తప్పనిసరైంది. కేరళలో 2008లో జనమైత్రి వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000లో మైత్రి కమిటీలు వచ్చాయి. వీటిలో చాలావాటి నడక ఒకటే: పోలీసు అధికారి అధ్యక్షత, ముందు వరసలో ఊరి ప్రముఖులు, సమోసా, చాయ్, ఒక ఫోటో. పౌరులు సలహా చెబుతారు, పోలీసులు తలూపుతారు. పని మాత్రం పోలీసుదే. 2006 సెప్టెంబరులో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు భద్రతా కమిషన్లు, ఫిర్యాదుల ప్రాధికార సంస్థలు పెట్టమంది. అవి పై అంతస్తుల మరమ్మతులు. ఏడాది తిరక్కుండా వచ్చిన తంటాముక్తి నేలమాళిగను పట్టుకుంది. సలహా అడగలేదు, పనే అప్పజెప్పింది.

దీనికి అన్నగా చెప్పదగ్గది భివండి. మన పద్మశాలీలు వేలాదిగా మగ్గాలు నడిపిన ఊరు. 1970లో, 1984లో అక్కడ మతకల్లోలాలు నెత్తురు పారించాయి. 1988లో డీసీపీగా వచ్చిన సురేశ్ ఖోపడే మొహల్లా కమిటీలు కట్టాడు. ఆయన చేసిన రెండు పనులు పనితనం చూసే కళ్లకు ఇంపుగా ఉంటాయి. ఒకటి, కమిటీల్లో మతపెద్దలనూ నాయకులనూ నింపకుండా మగ్గం పనివాళ్లను, చిల్లర దుకాణాలవాళ్లను, ఇరుమతాల నుంచీ తీసుకున్నాడు. రెండోది, ఒక్కో కమిటీ బాధ్యత కానిస్టేబుళ్లకే ఇచ్చాడు. సెల్యూట్ కొట్టడమే పనిగా బతికిన కానిస్టేబుల్ ఒక వాడకు పెద్దయ్యాడు. 1992 డిసెంబరులో బాబ్రీ మసీదు కూలాక పక్కనే ముంబై తగలబడుతుంటే భివండి ప్రశాంతంగా ఉంది. ముంబై ఆ తర్వాత ఆ నమూనాను తెచ్చుకుంది. ఠాణాలో అతి కింది మెట్టు మనిషిని ఊరి సమావేశంలోకి తేవడం తంటాముక్తిలోనూ ఉంది. బీట్ హవల్దార్ రావడం అందుకే ముఖ్యం. ఎస్సై వస్తే ఊరు లేచి నిలబడుతుంది.

ఇక లోపాలు. మార్కులు పెట్టాక మార్కుల కోసమే పని జరగడం మొదలైంది. లేని తగువులు రాసి తీర్చినట్టు చూపిన ఊళ్లున్నాయన్న విమర్శ వచ్చింది. అది చిన్నది. పెద్దది ఆడవాళ్లది. మొగుడు కొట్టాడని ఠాణాకు వెళ్లిన మనిషిని ఊరి పేరు చెడుతుందని, బహుమతి పోతుందని వెనక్కి పిలిస్తే, ఆ రాజీ ఎవరిది? కమిటీలో ఆడవాళ్లు ఉండాలన్న నియమం ఉంది. చాప మీద కూర్చున్నంత మాత్రాన నోరు తెరవనిస్తారా అన్నది ఊరూరికీ మారుతుంది. దళితుడికీ పెద్దకులపు రైతుకూ మధ్య జరిగినదాన్ని చిన్న దెబ్బల వరుసలో రాసేస్తే అట్రాసిటీ చట్టం కింద వెళ్లాల్సిన కేసు రాజీపత్రంగా మారిపోతుంది. హద్దు గీసి ఉందని మెచ్చుకున్నాను. ఆ హద్దును చదివి వినిపించేవాడు కమిటీలో ఉండాలి కదా. ఒక న్యాయవాదినో, లోక్ అదాలత్ నుంచి శిక్షణ పొందినవాళ్లనో ప్రతి కమిటీకి జతచేసి ఉంటే ఈ కుట్టు ఇంత వదులుగా ఉండేది కాదు.

బహుమతుల ఊపు తగ్గాక కూడా కమిటీలు బతికున్నాయి. వాటికి ఎవరూ అప్పజెప్పని పని ఒకటి విదర్భ పల్లెల్లో వచ్చి చేరింది. ఇంట్లో ఒప్పుకోక లేచిపోయిన జంటలు తంటాముక్తి అధ్యక్షుడి గుమ్మం తొక్కుతాయి. ఆయన వయసు పత్రాలు చూసి, ఇరువైపులా పెద్దలను పిలిపించి, ఒప్పుకుంటే సరే, లేకపోయినా సరే, గుళ్లోనో పంచాయతీ ఆఫీసులోనో దండలు మార్పిస్తాడు. పోలీసు పాటిల్ సాక్షి. మరాఠీ పత్రికల జిల్లా పేజీల్లో ఈ పెళ్లి వార్తలు తరచూ వస్తుంటాయి. పరువు హత్యల వార్తలు చదివి చదివి అలిసిన మనకు, ఒక పోలీసు పథకం పెళ్లిపెద్దగా మారిందంటే కాస్త ఊరట. పనిముట్టు మంచిదైతే జనం దాన్ని తమ అవసరానికి తిప్పుకుంటారు.

సారా సంగతి కూడా అంతే. గడ్చిరోలీలో 1993 నుంచి మద్యనిషేధం. నదికి ఇవతల తెలంగాణలో దుకాణాలు తెరిచే ఉంటాయి. సిరోంచ వైపు నుంచి నది దాటితే చాలు. 2016లో మొదలైన ముక్తిపథ్ అనే మద్య వ్యతిరేక కార్యక్రమం కింద ఊరి సంఘాలు, ఎక్కువగా ఆడవాళ్లు, సారా కుండలు పగలగొట్టి, అమ్మేవాళ్లను పట్టించడం నేర్చుకున్నాయి. ఈ సంఘాలూ తంటాముక్తి కమిటీలూ చట్టం ప్రకారం వేరు. ఊళ్లో మనుషులు మాత్రం చాలాచోట్ల వాళ్లే. ఠాణాకు వెళ్లి కాగితం ఇచ్చి రసీదు అడిగే అలవాటు ఒకసారి అబ్బాక అది ఒక్క పనికే ఆగదు. అహేరీ, సిరోంచ రెండూ షెడ్యూల్డు ప్రాంతాలు కూడా. 1996 పెసా చట్టం అక్కడి గ్రామసభకు తన ఆచారం ప్రకారం తగువులు తీర్చుకునే హక్కును గుర్తించింది. ఇదే జిల్లా ధానోరా తాలూకా మెండా-లేఖ ఊరు ప్రతి నిర్ణయమూ అందరి ఒప్పుదలతోనే తీసుకునే పద్ధతిని ఎప్పటి నుంచో పాటిస్తోంది. తంటాముక్తి ఖాళీ నేలలో మొలిచింది కాదు. మాడియా ఊళ్లలో పెద్దలు కూర్చునే చెట్టు కిందికే వహీ పట్టుకుని వచ్చింది.

వహీకి ఎక్కని తగాదా ఒకటి సిరోంచ రైతులకు ఉంది. 2019 జూన్ 21న ప్రారంభమైన మేడిగడ్డ బ్యారేజీ వెనుక నీళ్లు వాళ్ల పొలాల మీదికి వచ్చాయి. గేట్లు ఎత్తినప్పుడు కింది ఒడ్డు కోతకు గురైంది. 2022లో పరిహారం కోసం సిరోంచలో దీక్షలకు కూర్చున్నారు. 2023 అక్టోబరులో బ్యారేజీ పిల్లర్లే కుంగాయి, పొలాల సంగతి అప్పటికీ తేలలేదు. ఈ తగువులో ఒక పక్షం రైతు, రెండో పక్షం ఇంకో రాష్ట్రం. ఊరి కమిటీలో తలాఠీకి చోటుంది, నీటిపారుదల ఇంజనీరుకు లేదు. తెలంగాణ ఒడ్డున ఉన్న మహాదేవ్‌పూర్ మండలం వైపు నుంచి ఎవరూ రారు. ఇలాంటివాటికి రెండు ఒడ్ల పల్లెలూ కలిసి కూర్చునే కమిటీ కావాలి. దాన్ని కట్టేవాళ్లు కొత్తగా ఆలోచించాల్సింది తక్కువే. 2007 నమూనా ముందు పెట్టుకుంటే చాలు: అధ్యక్షుడు రైతు కావాలి, రెండు రాష్ట్రాల అధికారులూ సభ్యులుగా కూర్చోవాలి, కొలత పెట్టాకే మాట మొదలవ్వాలి, వహీ ఒకటే ఉండాలి, అది తెలుగులోనూ మరాఠీలోనూ రాయాలి.